సంగారా మీద అలిగిన బాబాయిగారు

మా పై ఫ్లాట్ బాబాయిగారు పోయారని నాకు చెప్పింది ఆయన చుట్టాలు కాదు, డయాలిసిస్ సెంటర్‌లో నర్సు. ఆఫీస్‌లో మీటింగ్ మధ్యలో ఉన్నాను. బయటికొచ్చి ఫోన్ ఎత్తాను. "కుర్చీలో నిద్రపోతున్నారనే అనుకున్నాం" అంది ఇంగ్లీషులో. తర్వాత ఆమే అడిగింది, "చేపలకి ఈ పూట మేత ఎవరైనా వేశారా?" అని. ఇంత పెద్ద దేశంలో ఆయన కోసం బెంగ పడే మనుషులు ఎవరా అని చూస్తే మేమిద్దరమే తేలాం. నాకు ఏడుపు అప్పుడొచ్చింది.

న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్లకి కొదవ లేదు, తీరిక ఉన్నవాళ్లకే కొదవ. మా ఆయన ప్రాజెక్ట్ కాపెల్‌కి మారి, వీలున్నప్పుడు ఫ్లైట్ బుక్ చేసుకుని వచ్చి వెళ్లే రోజులవి. ఒక శనివారం వంటింటి సీలింగ్ నుంచి నా పప్పుగిన్నెలోకి నీళ్లు కారాయి. నాచు వాసన. గరిటె చేత్తో పట్టుకునే పైకెళ్లి తలుపు కొట్టాను. లుంగీ పైకి కట్టుకుని, చేతిలో రబ్బరు గొట్టంతో డెబ్బై దాటిన మనిషి తలుపు తీశారు. నేను నోరు తెరిచేలోగానే, "తప్పు నాదేనమ్మా, గొట్టం జారింది. పప్పు నేను వండి పంపిస్తాను. ఏం పప్పు?" అన్నారు. దోసకాయ పప్పు అన్నాను. దులిపేద్దామని వెళ్లినదాన్ని, గరిటె కిందికి దించి లోపలికెళ్లాను.

ఆయన హాల్లో సోఫా లేదు. గోడ పొడుగునా గాజుతొట్లు, వాటిల్లో వేలెడేసి చేపలు. మగవాటి ఒంటి మీద ఎరుపు, పసుపు, నీలం కలిసి మెరుస్తున్నాయి. బాగున్నాయి, ఎక్కడ కొన్నారు అని అడిగాను. "కొనడానికి దొరకవమ్మా. పుట్టిన సరస్సులోనే కనబడ్డం మానేశాయి" అన్నారు. మాటవరసకి అడిగినదాన్ని, టీ తాగి, మళ్లీ టీ తాగి, మధ్యాహ్నానికి కిందికి దిగాను.

కైకలూరు దగ్గర, కొల్లేరు అంచున పుట్టిన మనిషి. చేపల చదువు చదివి, వయసులో ఉండగానే టాంజానియా వెళ్లి విక్టోరియా సరస్సు మీద పరిశోధన ఉద్యోగంలో చేరారు. "కొల్లేరు ఎరిగినవాణ్ని, సరస్సంటే నాకొకళ్లు చెప్పేదేముందనుకున్నాను. తీరా చూస్తే అవతలి ఒడ్డే లేదు. ఉప్పు లేని సముద్రం" అనేవారు. వెళ్లిన కొత్తలో వల లాగితే ఫురు అని అక్కడివాళ్లు పిలిచే ఈ చిన్న చేపలు కుప్పలుగా పడేవట. ఒక్కో రాతిగుట్ట దగ్గర ఒక్కో రకం. ఎముకలెక్కువ, కండ తక్కువ. ఆడవాళ్లు ఇసకలో ఎండబెట్టి పిల్లలకి పెట్టేవాళ్లు.

అంతకు చాలాముందే దొరలు, పెద్ద చేపైతే లాభమని, వేరే నీళ్ల నుంచి సంగారా అనే చేపని తెచ్చి ఆ సరస్సులో వదిలారు. అది మనిషంత పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఉందో లేదో తెలియనట్టు ఉండి, ఈయన ఉద్యోగంలో ఉండగా ఒక్కసారిగా పెరిగిపోయి ఫురుని తినేసింది. "ఏటికేడాదీ వల బరువెక్కింది, రంగులు తగ్గాయి. ఆఖరికి డెక్ మీద పోస్తే అన్నీ వెండిరంగే. ఇంతేసి చేపలు పడ్డాయని బోటులో అందరూ సంబరపడ్డారు. నేనొక్కణ్నే ఓ మూల నిలబడ్డాను" అన్నారు ఒకసారి. ఆయన ఒంటరితనం ఆంటీ, అంటే ఆయన భార్య, పోయాక మొదలైందని మా బిల్డింగ్‌లో అనుకునేవారు. నేననుకోవడం, అది ఆ డెక్ మీదే మొదలైంది.

ఆంటీ డాక్టరు. ఆవిడకి ఇక్కడ ఉద్యోగం రావడంతో ఆయన సరస్సు వదిలి వచ్చి, నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో చేరి రిటైరయ్యారు. పిల్లల్లేరు. ఆవిడ పోయాక, ఒహాయోలో ఒక రిటైర్డ్ టీచరు ఆ పాత ఫురు సంతతిని ఇంట్లో పెంచుతున్నాడని విని, డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి కొన్నింటిని తెచ్చుకున్నారు. వాటిని నిలబెట్టడమే ఆయన బతుకు. ఎప్పటికైనా ఆ నీళ్లు బాగుపడితే పంపడానికి విత్తనం ఉండాలి కదమ్మా అనేవారు. ఆ ఎప్పటికైనా ఎప్పుడొస్తుందో నేను అడగలేదు.

ఆదివారాలు నా కార్‌లో ఎడిసన్ వెళ్లేవాళ్లం. చేపల కొట్లో ఫ్రీజర్ ముందు ఆగి, సంగారా ముక్కల ప్యాకెట్ చూడగానే మొహం తిప్పుకునేవారు. తినరు, నన్ను కొననివ్వరు. "చెరువు మీద అలిగినట్టుంది మీ వరస" అన్నాను విసుగొచ్చి. "మిగతా సగం కూడా అనమ్మా, మొహమాటం దేనికి" అని కొట్లో అందరూ తిరిగి చూసేలా నవ్వారు. అయినా కొననివ్వలేదు.

కిడ్నీలు పాడై డయాలిసిస్ మొదలయ్యాక అక్కడి నర్సుతో ఆయనకి వెళ్లిన రోజల్లా పోట్లాటే. ఆమెది ఆ సరస్సు ఒడ్డునే ఊరు. ఈ భూమ్మీద ఇన్ని ఊళ్లుండగా ఆమె వచ్చి న్యూజెర్సీలో ఆయన చేతికే సూది గుచ్చాలా అని నేను నవ్వితే, ఆయన నవ్వలేదు. "వాళ్ల నాన్నకి సంగారా పడవలున్నాయి" అన్నారు, అదేదో దొంగతనం కేసులా. ఆమె ఆయన్ని వాళ్ల భాషలో 'మ్జే' అనేది, పెద్దాయనా అని. కానీ ఒక్క మాట పడేది కాదు. "ఫురు మా అమ్మమ్మ కథల్లో ఉంది మ్జే. నా చదువు మాత్రం సంగారాదే" అనేది. ఆమె చెప్పేదాంట్లో చేదూ ఉంది. కండంతా ఫ్యాక్టరీకి పోయి విమానం ఎక్కితే, ఊళ్లోవాళ్లకి తలకాయలూ వెన్నుముళ్లే మిగిలేవట, అవే వేయించుకుని తినేవాళ్లట. సంగారా కొవ్వు చేప, ఫురులా ఎండబెడితే ఎండదు. పొగ పట్టించాలి, పొగకి కట్టెలు కావాలి. గుట్టల మీద చెట్లు పోయాయి, మట్టి కొట్టుకొచ్చి నీళ్లు మురికయ్యాయి. "ఇవన్నీ నాకూ తెలుసు. అయినా అది మా అన్నం" అనేది.

న్యూజెర్సీ అంతా కరెంటు పోయిన ఆ పెద్ద తుఫాను గుర్తుందా? తొట్లలో గాలి పంపులు ఆగిపోయాయి. బాబాయిగారు స్టూల్ మీద కూర్చుని చెంబుతో నీళ్లు ముంచి, పైనుంచి ధారగా పోస్తున్నారు. అలా పోస్తే నీళ్లకి గాలి కలుస్తుంది. ఒక తొట్టి అయ్యాక ఇంకో తొట్టి, మళ్లీ మొదటిది. తొట్లు చల్లబడకుండా నేను గ్యాస్ స్టవ్ మీద నీళ్లు కాచి సీసాల్లో పోసి తొట్లలో దింపాను. మా బిల్డింగ్‌లో ఎవరి గొడవ వాళ్లది, పాలకీ పెట్రోలుకీ క్యూలు. నాకు చేతులు పడిపోయాయి. ఆయన కాళ్లు అప్పటికే వాచాయి. డయాలిసిస్‌కి వెళ్లాల్సిన రోజు దాటిపోయింది. పదండి, డ్రైవ్ చేస్తాను అంటే, "నేను లేస్తే ఇవి పోతాయమ్మా. నేనెలాగూ పోయేవాణ్నే" అన్నారు. ఎంత తిట్టినా లేవలేదు. నాకు భయమేసి నర్సుకి ఫోన్ చేశాను.

డ్యూటీ దిగి, ఒంటి మీద స్క్రబ్స్‌తోనే వచ్చింది. తొట్టి ముందు ఆగిపోయింది. తన సరస్సు ఫురుని ఆమె మొట్టమొదటిసారి చూడ్డం అదే, మా ప్లెయిన్స్‌బరోలో, కిటికీ వెలుగులో. "ఇంతేనా? ఈ కాస్తదానికా అమ్మమ్మ అంత చెప్పింది" అంది. గాజు మీద వేలు ఆనించి ఒక్కోదాన్నీ చూసింది. ఆయన కళ్లెత్తి చూసి, "పెద్దవి మీవాళ్లు పట్టుకుంటున్నారుగా" అన్నారు. ఆమె వంగి ఆయన చేతిలోని చెంబు పట్టుకుంది. "మీరు వెళ్లండి మ్జే. నేను పోస్తాను."

ఆయన వదల్లేదు. చెంబుని ఇద్దరూ పట్టుకునే ఉన్నారు. "సంగారా కూతురికి అప్పగించి ఎలా వెళ్లను?" అన్నారు, వేళాకోళం కాదు. "సంగారా కూతురే మీ రక్తం కడుగుతోంది" అందామె. ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడిపోయాయి. కార్‌లో దారంతా కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. డయాలిసిస్ అయి తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా పోస్తూనే ఉంది. చేపలన్నీ ఉన్నాయి.

ఆ తర్వాత పోట్లాట మారింది. సంగారా కూడా తగ్గిపోతోందనీ, వాళ్ల నాన్న సన్నకన్ను వల వేస్తున్నాడనీ ఆమె నోరు జారింది. బాబాయిగారు కుర్చీలోనే నిటారుగా లేచి కూర్చున్నారట. "పిల్లచేపని పడితే రేపేం పడతాడు? కన్ను వెడల్పు చెయ్యమను" అని. అప్పట్నుంచి వెళ్లినప్పుడల్లా అదే కబురు. జన్మంతా తిట్టిన చేప పిల్లల కోసం ఆయన ప్రాధేయపడుతుంటే నాకు నవ్వూ వచ్చేది, ఇంకోటీ వచ్చేది. వాళ్ల నాన్న మొదట్లో "ఆ ముసలాయన్ని వచ్చి పడవెక్కమను" అని తిరుగు కబురు పెట్టాడట. చివరికి వల మార్చాడో లేదో నాకు తెలీదు. నేను ఆమెని అడగలేదు, మార్చాడనే ఆయన్ని నమ్మనిచ్చాను.

ఆయన పోయాక హైదరాబాద్‌లో ఉన్న అన్నగారబ్బాయి ఫోన్‌లో, సామాన్లు ఎవరికైనా ఇచ్చేయండి అన్నాడు. ఫ్లాట్ ఖాళీ చెయ్యమని అపార్ట్‌మెంట్ ఆఫీస్‌వాళ్లు తలుపుకి నోటీసు అంటించారు. నా లీజులో చేపలకి చోటు లేదు. "నా ఇంటికి తీసుకెళ్తాను" అంది నర్సు, ఎవరూ అడగకముందే.

శనివారం ఇద్దరం కలిసి బకెట్లలోకి పట్టాం. ఒక ఆడచేప దవడ ఉబ్బి ఉంది. ఫురు తల్లి గుడ్లనీ పిల్లల్నీ నోట్లోనే పెట్టుకుని మోస్తుందనీ, అన్నాళ్లూ తిండి ముట్టదనీ, బెదిరితే పిల్లల్ని ఉమ్మేస్తుందనీ ఆయన చెప్పగా నాకు తెలుసు. దాన్ని వేరే సీసాలో వేసి ఒళ్లో పెట్టుకున్నాను. నర్సు ఎంత నెమ్మదిగా డ్రైవ్ చేసిందంటే వెనకవాళ్లు హారన్ల మీద హారన్లు. ఆమె పట్టించుకోలేదు.

రూట్ వన్ మీద సిగ్నల్ దగ్గర కారు ఆగింది. తల్లి నోరు తెరిచింది. బియ్యపుగింజంత పిల్ల ఒకటి బయటికొచ్చి, గాజు దాకా ఈది, నా బొటనవేలికి ఎదురుగా నిలబడింది. బాబాయిగారికి చెప్పాలి అనుకున్నాను. అనుకున్నాక గుర్తొచ్చింది. గ్రీన్ పడింది, కారు కదిలింది, పిల్ల వెనక్కి తిరిగి తల్లి నోట్లోకి వెళ్లిపోయింది.