గడ్డానికి రాసుకున్న దిష్టి పటిక

ఆ రోజుల్లో మా వ్యాపారస్తుల ఇళ్లల్లో పెళ్లిచూపులు రెండు విడతలుగా జరిగేవి. ముందు పిల్ల తండ్రి వచ్చి అంగడిని, అంగడిలో కూర్చున్న పిల్లవాణ్ణి చూసుకుని పోయేవాడు. ఆయనకు నచ్చితేనే మనకు పిల్లను చూసే యోగం. రెండువేల మూడో నాలుగో సంవత్సరం. కోయిలకుంట్లలో మా కిరాణా అంగడికి నందికొట్కూరు నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడని తెలిసినప్పటి నుంచీ నాకు అన్నం దిగలేదు. (అంతకు ముందు వచ్చిన ఇద్దరూ కాఫీ తాగి వెళ్లి, మళ్లీ కబురు చెయ్యలేదు.)

తొమ్మిదికి వస్తారనగా ఎనిమిదిన్నరకు కొత్త బ్లేడుతో గడ్డం గీసుకున్నాను. తొందరలో చుబుకం తెగింది, రక్తం ఆగనంటుంది. పటిక రాయాలని నాకు తెలియక కాదు. పగుళ్లు లేనిది, గాజులా తేటగా ఉండేది ఏరుకోండి, మూలలు అరగదీసి, తడిపి మెల్లగా రాయండి అని వచ్చినవాళ్లకు రోజూ పాఠం చెప్పేవాణ్ణి. తీరా డబ్బా తీస్తే అడుగున పొడి తప్ప ముక్క లేదు. తలెత్తితే అంగడి గుమ్మానికి దిష్టి కోసం నల్లదారంతో కట్టిన పటిక వేలాడుతోంది. వెనకాముందూ చూడకుండా దారం కోసి, తడిపి, రుద్దేశాను. దాని మూల గీసుకుని ఇంకోచోట తెగింది. దానికి పెట్టిన కుంకుమ కూడా కరిగి, ఏది రక్తమో ఏది కుంకుమో తెలియకుండా పోయింది. మా అమ్మ చూసి నెత్తి కొట్టుకుంది.

"ఊరి దిష్టంతా మొగానికి పూసుకుంటివి కదరా."

ఇంక ఈ సంబంధం కూడా పోయినట్టేననుకున్నాను. మొహం కడుక్కుని, పటికను జేబులో దాచి, గల్లా దగ్గర కూర్చున్నాను. పెద్దాయన వచ్చాడు. వచ్చినవాడు నన్ను చూడకుండా గుమ్మం పైకి చూశాడు. వ్యాపారస్తుడి కన్ను కదా.

"ఏమప్పా, దారం ఉండాది, పటిక యాడ?"

కొత్తది కట్టాలని నిన్ననే తీసేశామని మా నాయన తడుముకోకుండా చెప్పేశాడు. అవునా అన్నట్టు పెద్దాయన నా వైపు తిరిగాడు. తల ఊపితే సరిపోయేది. మెడ కదలలేదు.

"లేదు మామా, పొద్దున నేనే కోసినా. గడ్డం తెగింది."

(మామా అన్నది నోరు దాటాక గాని తెలియలేదు.) మా నాయన కళ్లు మూసుకున్నాడు. పెద్దాయన పటిక అడిగి తీసుకుని, వెలుగులో తిప్పి చూసి, గల్లా మీద పెట్టి వెళ్లిపోయాడు. కాఫీ కూడా తాగలేదు. ఆ తర్వాత మూడు రోజులు మా ఇంట్లో ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు. నాలుగో రోజు, పిల్లను చూసేందుకు రమ్మని కబురొచ్చింది.

ఆ రోజు మా అంగడి నుంచి ఇంటికి పోయి పెద్దాయన ఏం చెప్పాడో పెళ్లయ్యాక మా ఆవిడ చెప్పింది: "పిల్లోనికి గడ్డం గీసుకునేది రాదు, అబద్ధమాడేది రాదు. మొదటిది నేర్చుకుంటాడులే."

మొదటిది ఇప్పటికీ సరిగా రాలేదు. రెండోది మాత్రం ఇన్నేళ్లు గల్లా ముందు కూర్చుంటే ఎవరూ నేర్పకుండానే వచ్చింది. కందిపప్పు కొత్తదేనా అని ఎవరైనా అడిగితే తల దానంతటదే ఊగుతుంది. అప్పుడప్పుడు అద్దం ముందు ఆ తల ఊపలేని పిల్లవాడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది. వాడంటే కొంచెం అసూయగా కూడా ఉంటుంది.