గరాటా అతుకు

షాపులో అందరూ ఆయన్ని గరాటా అనే పిలిచేవాళ్ళు. పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, దానితో ఎవరికీ పని పడలేదు. లావు గొట్టాన్ని సన్న గొట్టానికి అతకాలంటే మధ్యలో గరాటాలాంటి మూతి కావాలి. అది చెయ్యడంలో ఆయన చెయ్యి పెట్టింది పేరు.

ఆ వీధి నిండా పాత కార్ల షాపులే. ఒక కారు ఇంజను ఇంకో కారులో, ఒకదాని సైలెన్సరు మరోదాని కింద. ఇంజను నుంచి వచ్చే గొట్టం లావుగా, సైలెన్సరు గొట్టం సన్నగా ఉండి ఒకదానికొకటి పొసగవు. మిగతా వెల్డర్లు సన్నదాన్ని లావుదాంట్లోకి దూర్చి, చుట్టూ ఉన్న సందులో ఇనుము కరిగించి ముద్దలా పెట్టి పంపేవాళ్ళు. నాలుగు గతుకులు తగిలేసరికి ఆ ముద్ద పగిలేది. గరాటా పని అలా కాదు. లావు గొట్టం చివర నిలువునా చీలికలు కోసి, చీలిక చీలికకీ ఒక సన్నటి ముక్క తీసేసి, మిగిలిన రేకుల్ని చిన్న సుత్తితో లోపలికి వంచుకుంటూ వచ్చేవాడు. పువ్వు మళ్ళీ మొగ్గయినట్టు గొట్టం మూతి ముడుచుకునేది. అది సన్న గొట్టం మీద బిగుతుగా కూర్చున్నాక నాలుగు వైపులా చుక్కంత చుక్కంత నాలుగు టాకాలు, ఆ తర్వాత ఈ పక్క కాస్త, ఎదురు పక్క కాస్త వెల్డింగు. ఒకే పక్క నుంచి చుట్టుకుంటూ పోతే వేడికి గొట్టం లాగేసి వంకరపోతుంది.

చివర్న పరీక్ష. ఇంజను స్టార్టు చేసి, వెనక పొగ వచ్చే మూతికి తడిగుడ్డ అడ్డం పెట్టాలి. పొగకి దారి మూసుకుపోతే, అతుకులో సూదిమొనంత కంత ఉన్నా అక్కణ్ణించి బుసకొడుతుంది. అతుకు పైభాగం కారు అడుగుకి ఆనుకుని ఉంటుంది. అక్కడికి కన్ను పోదు, చెయ్యి పట్టదు. చెవికి తెలియాల్సిందే.

చిక్కంతా ఆ చెవి దగ్గరే వచ్చింది.

మీసాలు రాకముందు నుంచీ సుత్తిపోట్ల మధ్య, గ్రైండరు కీచుమోత మధ్య బతికిన మనిషి. వినికిడి ఒక్కరోజులో పోలేదు. ముందు పంపు కారుతున్న చప్పుడు పోయింది, తర్వాత తలుపు తట్టిన చప్పుడు, తర్వాత వెనక నుంచి పిలిచిన పిలుపు.

"పిలిస్తే పలకరేం? ఒంటిమీద స్పృహ లేదా?" అని భార్య దెబ్బలాడేది.

"నువ్వు గొంతులో నసిగితే నాకేం తెలుస్తుంది?" అని ఆయన ఎదురు కసిరేవాడు.

ఒకరోజు వంటింట్లో ఆమె చేతిలోంచి గిన్నెల దొంతర జారి పడింది. పక్కింటావిడ గోడవతల నుంచి "ఏమైందమ్మా?" అని అరిచింది. నాలుగడుగుల దూరంలో, ఇటు వీపు పెట్టి కూర్చున్న మొగుడు చొక్కా గుండీ కుట్టుకుంటూనే ఉన్నాడు. ఆమె గిన్నెలు అలాగే వదిలేసి, వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుంది. కోపమంతా ఎటు పోయిందో పోయింది.

"షాపులో తెలియనివ్వకు," అన్నాడాయన. "మీ తమ్ముడికి అసలే చెప్పకు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

ఆయన భయం ఆమెకి తెలుసు. షాపు ఓనరు చెడ్డవాడేం కాదు, కానీ ఒక్క విషయంలో మొండి. కారు కిందికి దూరేవాడికి పైనుంచి వేసిన కేక వినపడాలంటాడు. వెనకటికి జాకీ జారినప్పుడు ఒకడి కాలు పోయింది. అప్పట్నించీ చెవి మందమని తెలిసిన ఎవర్నీ పనిలో ఉంచలేదు. గరాటాకి కారు కింద తప్ప ఇంకెక్కడా పని రాదు.

అప్పట్నించి ఆమె మధ్యాహ్నం క్యారేజీ స్వయంగా తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. పొద్దుట్నించి అతికిన బళ్ళన్నీ ఆయన ఆమె వచ్చేదాకా ఆపి ఉంచేవాడు. తడిగుడ్డ అడ్డం పెట్టి, చెవి పెట్టినట్టు నటిస్తూ ఆమె మొహం వైపు చూసేవాడు. ఆమె భోజనానికి ఎదురుచూస్తున్నట్టు కారు పక్కన గొంతుక్కూర్చుని వినేది. అతుకు బాగుంటే క్యారేజీ మూత తీసేది. బుస వినపడితే తీసేది కాదు. వెనక నుంచి ఎవరైనా ఆయన్ని ఏదైనా అడిగితే, ఆ మాటనే చప్పుడు లేకుండా పెదవులతో అందించేది. ఆయన తడుముకోకుండా జవాబిచ్చేవాడు.

"ఏం వదినా, కారు బాగైతేగానీ మా గరాటాకి ముద్ద పెట్టవా?" అని సొట్టలు తీసే టింకరు ఎకసెక్కాలాడేవాడు. "మా ఇంట్లో అయితే నేనింటికి పోతేనే ముద్ద. అదీ రెండు తిట్లు తిన్నాక!"

షాపంతా నవ్వేది. వాళ్ళతోపాటు ఆవిడా నవ్వేది. నవ్వుతూనే ఆయన వెనక ఎవరైనా నిలబడ్డారేమోనని చూసుకునేది.

ఇలా ఉండగా ఆమెకి జ్వరం తగిలి మంచం దిగలేకపోయింది. సరిగ్గా ఆ రోజే టాక్సీ నడుపుకునే ఆమె తమ్ముడు, ఇంజను మార్పించిన కారు తీసుకుని బావ దగ్గరికి వెళ్ళాడు. స్టాండులో నంబరు పోతుందని తొందర వాడిది. గరాటా ఎప్పటిలాగే రేకులు వంచాడు, అతికాడు. వెల్డింగు మీద నల్లటి పెంకు కడుతుంది, దాన్ని కొట్టి రాల్చాలి. కింద రాల్చాడు, పక్కల రాల్చాడు, పైన చెయ్యి పట్టక వదిలేశాడు. తడిగుడ్డ పెట్టి తలెత్తి చూస్తే, ఆమె కూర్చునే చోట ఎవరూ లేరు. అతుకు చుట్టూ అందినంతమేర అరచెయ్యి ఆడించాడు. గాలి తగల్లేదు.

"ఇక పట్టుకెళ్ళు," అన్నాడు.

వారం తిరక్కుండానే తమ్ముడు అక్క ఇంటికొచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఏరా, అలా ఉన్నావేం?"

"తలనొప్పి అక్కా. పొద్దున్న వాంతయింది. స్టాండులో బేరం లేనప్పుడు ఏసీ వేసుకుని కునుకు తీస్తే అదోరకం మత్తు... లేవబుద్ధి కాదు. సుఖం ఎక్కువైందేమో!" అని నవ్వబోయాడు. "పద, నీకు మందులు తేవాలిగా. దింపుతాను."

ఆమె వెనక సీట్లో కూర్చుంది. వాడు ఇంజను స్టార్టు చేశాడు. కాళ్ళ కింద ఎక్కడో, రబ్బరు పట్టా అడుగున, బుస. రోజూ మధ్యాహ్నం ఏది వినపడకూడదని దణ్ణం పెట్టుకునేదో, అదే.

"ఆపరా! ఇంజను ఆపు!"

"ఏమైంది?"

"పొగ లోపలికొస్తోంది. ఇది... ఇంకో షాపులో చూపించరా."

తమ్ముడు వెనక్కి తిరిగి వింతగా చూశాడు. "బావ చేసిన పని తీసుకెళ్ళి ఇంకొకడికి చూపించాలా? వీధిలో ఆయన పరువు ఏం కాను? నీకు జ్వరం ఇంకా దిగినట్టు లేదు. పద, ఆయన దగ్గరికే పోదాం."

అద్దాలన్నీ దింపించింది. దారి పొడుగునా విషయం చెప్పేద్దామని నోరు తెరవడం, మూసెయ్యడం. మొగుడికిచ్చిన మాట అడ్డం పడింది. షాపు రానే వచ్చింది.

"బావా, నీ గరాటా ఈల వేస్తోందట! అక్క కంప్లయింటు!" అని వాడు నలుగురికీ వినపడేలా అరిచాడు. గరాటా ఆ మాట వినలేదు. భార్య మొహం చూశాడు. మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయాడు.

ఓనరు బయటికొచ్చాడు. తనే ఇంజను స్టార్టు చేసి, తనే గుడ్డ అడ్డం పెట్టాడు. బుస షాపంతా వినపడింది. కారులో పట్టా ఎత్తి చూస్తే, తుప్పుపట్టిన రేకులో గుప్పెడంత కంత. ఆ కంతలోంచి చూస్తే, కింద అతుకు పైభాగాన సగం రాలిన నల్లటి పెంకు పక్కన చిన్న బొక్క.

"తలుపులు మూసుకుని ఇందులో పడుకుంటున్నావా?" అని ఓనరు తమ్ముణ్ణి అడిగాడు. "అదృష్టవంతుడివిరా. ఇంకోసారి పడుకుంటే లేచేవాడివి కాదు."

తమ్ముడు కారుకి ఆనుకుని నిలబడ్డాడు. అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

ఓనరు నడుచుకుంటూ గరాటా వెనక్కి వెళ్ళాడు. "ఈ చప్పుడు నీకు వినపడలేదా?"

గరాటా చేతులు తుడుచుకుంటున్నాడు.

"నిన్నేనయ్యా! వినపడలేదా?"

ఆమె ఆయనకి ఎదురుగానే ఉంది. ఆయన కళ్ళు ఆమె పెదవుల మీదే ఉన్నాయి. ఇన్నాళ్ళూ అందించినట్టే ఇదీ అందిస్తే, ఆయన ఏదో ఒకటి చెప్పి గట్టెక్కేవాడు. పెంకు అడ్డం పడిందనో, గతుకుల్లో ఊడిందనో. ఓనరు నమ్మేవాడు. రేపు ఇంకో కారు. ఆమె నేలమీద కూలబడ్డ తమ్ముణ్ణి చూసింది. పెదవులు బిగించింది.

ఆయన తుడుచుకుంటూనే ఉన్నాడు.

టింకరు సుత్తి కింద పెట్టేశాడు. ఓనరు ఆమె వైపు చూశాడు. ముందుకొచ్చి గరాటా చేతిలోంచి మసిగుడ్డ తీసుకుని, భుజం తట్టి, ఇంటికెళ్ళమన్నట్టు చెయ్యి చూపించాడు. ఆయన తన వెల్డింగు అద్దం బల్లమీద నుంచి తీసి సంచిలో పెట్టుకుంటుంటే ఎవరూ ఆయన వైపు చూడలేదు.

ఇద్దరూ నడిచే వచ్చారు. బస్‌స్టాపు దగ్గర ఆయన ఆగాడు.

"ఓనరు వెనక నుంచి ఏదో అడిగాడు కదూ?"

ఇక దాచేదేమీ లేదు కాబట్టి ఆమె గట్టిగానే చెప్పింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు. "ఈ చప్పుడు వినపడలేదా అని!"

"మరి నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు!"

ఆయన సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని మళ్ళీ నడక సాగించాడు.

"నువ్వు నాకెదురుగానే ఉన్నావుగా," అన్నాడు.

"ఉన్నాను," అని ఆమె అరిచి చెప్పింది.