కొర్రమీను గొంతులో గాలం

తెల్లవారుజామున ఐదున్నరకు పొదిలి బస్టాండులో అద్దంకి బస్సు ఎక్కాను. చంకలో అల్యూమినియం బిందె. బిందెలో సగానికి నీళ్ళు, నీళ్ళలో రెండు కేజీలకు తక్కువ కాని కొర్రమీను, దాని గొంతులో నా గాలం. దారం జానెడు వదిలి కోసేశాను, అది నోటి పక్క నుంచి మీసంలా వేలాడుతోంది. ఆ చేపను చిలకలూరిపేట అవతల చేపల చెరువు దాకా ప్రాణంతో చేర్చాలి. అక్కడ యజమాని కళ్ళ ముందు గాలం తీయాలి. తీశాక కూడా అది బతకాలి.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలి. మా ఆయన పోయాక నాకు రెండే పనులు. కాయ కోత రోజుల్లో మిరపకాయల తొడిమలు తీయడం, మిగతా రోజుల్లో ఊరి చెరువులో గాలం వేయడం. తొడిమలు తీసీ తీసీ నా గొంతు గరగరమని పాడైపోయింది. పోయినేడు దగ్గితే నెత్తురు పడింది. "ఆ ఘాటులో ఇంకో ఏడు కూర్చున్నావంటే ఊపిరితిత్తులు మిగలవు, మానెయ్" అన్నాడు డాక్టరు. మానేస్తే ఏం తినాలో ఆయన చెప్పలేదు.

ఆ దారి చూపించింది చేపల చెరువు సుబ్బారావుగారు. ఆయన కొర్రమీను పిల్లలను పెంచి అమ్ముతాడు. గుడ్లు పెట్టే తల్లి చేపలు కావాలి. వలలో పడినవాటికి ఒళ్ళంతా గీరుకుపోతుందట. "గాలానికి పడినవి తీసుకురా, నోరు బాగుంటే చాలు, ఏడాది పొడుగునా నీ దగ్గరే కొంటాను" అన్నాడు. రెండుసార్లు తీసుకెళ్ళాను. రెండూ పోయాయి.

తప్పు నా చేతిదే. మాకు తెలిసింది కూరకు పట్టే పద్ధతి. చేతులకు బూడిద రాసుకుని, చేప మెడ బిగించి, దారం వేలికి చుట్టి ఒక్క గుంజు. గొంతు చిరిగితే చిరిగింది, ఎలాగూ కోసేదే కదా. సుబ్బారావుగారు ఫోనులో తిట్టాడు. "బూడిద రాస్తే ఒంటి జిగురు ఊడిపోయి బూజు పడుతుంది. ఈసారి గాలం తీయకుండానే తీసుకురా, నా ముందు తీద్దువుగాని. తీసే సామాను పేటలో చూసి కొనుక్కో. ఇది కూడా పోతే ఇక వద్దులే మస్తానమ్మా."

అందుకని ఈసారి బూడిద ముట్టలేదు. చేపను పట్టుకోవడానికి మెత్తటి పాత నూలు గుడ్డ ఒకటి సబ్బు పెట్టి ఉతికి, తడిపి, బిందె మూతికి కట్టాను. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకునే చేప, అందుకే బిందె నిండా నీళ్ళు పోయలేదు.

కండక్టరు బిందెలోకి వంగి చూశాడు. "ఇదేంటమ్మా, దీనికి ఫుల్లా హాఫా?"

"కూర్చోదుగా బాబూ, నిలబడే వస్తది" అన్నాను.

నవ్వి లగేజీ కొట్టకుండా వెళ్ళిపోయాడు.

దర్శి దాటేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత రోడ్డంతా గుంతలు. నీళ్ళు ఎగిరి గుడ్డను తడిపాయి, గుడ్డ మధ్యలో కుంగి నీళ్ళకు తగిలింది. అప్పటి నుంచి చేప కొట్టుకోవడం మొదలుపెట్టింది. మామూలుగా కాదు, బిందె నా ఒళ్ళో నిలవనంత. ముందు సీటులో తలగుడ్డ పెద్దాయన వెనక్కి తిరిగాడు.

"ఏమ్మా, బిందెలో పిల్లినేమన్నా పెట్టావా?"

"కొర్రమీనయ్యా. బస్సు పడలేదేమో."

"దానికి పడకపోతే దిగిపొమ్మను, నా వీపు తడుస్తోంది."

నాకు నవ్వు రాలేదు. గొంతులో గాలం ఉన్న చేప అలా తన్నుకుంటే కొక్కెం ఇంకా లోపలికి దిగుతుంది. చేత్తో గుడ్డ మీద అదిమి పట్టాను. అదిమినకొద్దీ గుడ్డ మునిగింది, మునిగినకొద్దీ అది తన్నింది.

అద్దంకిలో దిగేసరికి ఎనిమిది కావస్తోంది. చెమట పట్టి, ఆ గుడ్డ కొసతోనే మొహం తుడుచుకున్నాను. కళ్ళు భగ్గుమన్నాయి. అప్పుడు తెలిసింది. ఆ గుడ్డ నేను కళ్ళంలో తొడిమలు తీసేటప్పుడు ముక్కుకు కట్టుకున్నది. రెండు ఉతుకులకు మరక పోయింది గానీ కారం పోలేదు. దర్శి నుంచి అద్దంకి దాకా చేపకు కారం నీళ్ళు పట్టించాను.

బస్టాండు వెనక బోరింగు దగ్గరికి పరుగెత్తాను. ఒక్కసారిగా నీళ్ళు మారిస్తే చేప బెదురుతుంది. కొంచెం ఒంపడం, కొంచెం పోయడం, మళ్ళీ ఒంపడం. నా చేతులు కూడా సబ్బుతో కడిగాను. చేప అడుక్కు చేరి పడుకుంది. దవడలు అదురుతున్నాయి, పైకి రావడం లేదు. పేట బస్సు వచ్చి నిలబడింది. దాన్ని వదిలేశాను. ఇంకో బస్సు కూడా పోయింది. అప్పటికి అది నెమ్మదిగా లేచి, ముక్కు బయటపెట్టి ఒక్క గుటక గాలి మింగింది. నా ఊపిరి కూడా అప్పుడే ఆడింది.

మూతికి కట్టడానికి నా చీర చెంగు చించబోయి ఆగాను. అదీ కళ్ళం చూసిన చీరే. పక్కన టిఫిను బండామెను అడిగితే చిల్లులున్న పాత ఇడ్లీ రేకు ఒకటి ఇచ్చింది. "దీంట్లో ఇప్పుడు ఇడ్లీలు పొయ్యడం లేదులే, రేపు తెచ్చిస్తే చాలు" అంది. రేకు బిందె మూతికి సరిపోయింది, తాడుతో బిగించాను. రెండిడ్లీ అక్కడే నిలబడి తిన్నాను.

చిలకలూరిపేటలో దిగేసరికి పదిన్నర దాటింది. దూది లారీలు రోడ్డు నిండా, గాల్లో కూడా దూది నలక. ముందు బట్టల కొట్టులో ఒక గజం కోరా గుడ్డ తీసుకున్నాను, ఎవరి చెయ్యీ పడనిది. తర్వాత ఇనప సామాను కొట్టు. అక్కడ కుర్చీలో బట్టతల ఆయన కూర్చున్నాడు.

"సన్నంగా, పొడుగ్గా ఉండే పట్టుకారు కావాలి."

"ఏం పనికి పెద్దమ్మా?"

"చేప గొంతులో పెట్టడానికి."

"ఎండోస్కోపీనా?" అని నవ్వి, ముందు కటింగ్ ప్లేయర్ తీశాడు. దాని మూతి నా బొటనవేలంత లావు. అది దూరితే గొంతే పగులుతుంది. తర్వాత రబ్బరు తొడుగులు చూపించాడు. వేసుకుని చూశాను. చేతికి చేప పళ్ళు తగలవు, నిజమే. కానీ ఎంత గట్టిగా నొక్కుతున్నానో నాకే తెలియడం లేదు. మెత్తటి ప్రాణాన్ని పట్టుకునే చేతికి ఆ మాత్రం తెలియాలి. వద్దన్నాను.

చివరికి మూడు నోస్ ప్లేయర్లు ముందు పెట్టాడు. కొంగ ముక్కుల్లా ఉన్నాయి. ఎడమ చెయ్యి పిడికిలి వదులుగా మూసి, అదే చేప నోరనుకుని, లోపల నేను తెచ్చుకున్న ఇంకో గాలం పెట్టి ఒక్కో ప్లేయరుతో అందుకుని చూశాను. మొదటిది మూతి కలవడం లేదు, వెలుగులో పెడితే సందు కనబడింది. రెండోదానికి స్ప్రింగు బలంగా ఉంది, వదిలితే పిడికిలంతా నిండేలా తెరుచుకుంటోంది. మూడోదానికి కొసన గరుకు గళ్ళు ఉన్నాయి, గాలాన్ని పట్టుకున్నాక జారలేదు.

"ఇంతసేపు పెళ్ళికొడుకును కూడా చూడరమ్మా" అన్నాడు కొట్టాయన.

"పెళ్ళికొడుకు నచ్చకపోతే సర్దుకుంటారు. చేప సర్దుకోదు నాయనా."

ఆ మూడో ప్లేయరే కొని, దానికి పూసిన నూనె కూడా సబ్బు పెట్టి కడిగించుకున్నాను. కారం నేర్పిన పాఠం అది.

గుంటూరు వైపు పోయే షేరాటో ఎక్కాను. నా పక్కన స్పిన్నింగు మిల్లు నుంచి డ్యూటీ దిగిన మనిషి కూర్చుంది, పేరు రమణమ్మ. జుట్టు నిండా దూది. ఒళ్ళో సంచిలో దారం చుట్టే బోలు ప్లాస్టిక్ కోన్లు, అంచులు విరిగినవి. పిల్లలు ఆడుకుంటారని తీసుకెళుతోందట. బిందె సంగతి అడిగింది, చెప్పాను.

"అయితే అక్కా, దానికి పళ్ళు లేవా?"

"లేకేం, రంపమే."

"ఒక చేత్తో చేపను పట్టుకుంటావు, ఒక చేత్తో ఆ ముక్కుదాన్ని పట్టుకుంటావు. మరి నోరు తెరిచి పట్టుకునేదెవరు?"

కూర చేపకు ఆ బాధే లేదు, నోరు చీల్చేవాళ్ళం. ఇప్పుడు వెనక్కి పోయి ఇంకేదైనా కొనడానికి టైము లేదు. బిందెలో నీళ్ళు వెచ్చబడుతున్నాయి. నేను ఆమె ఒళ్ళో సంచి వైపు చూశాను. ఆమె కూడా అటే చూసింది.

"ఒకటి ఇస్తావా అమ్మాయ్?"

"రెండు తీసుకో. ఒకటి నీ నోట్లో పెట్టుకుని చూసుకో ముందు" అని పకపకా నవ్వింది.

చెరువు దగ్గర దిగేసరికి పన్నెండు. సుబ్బారావుగారు గట్టు మీద రేకుల షెడ్డులో ఉన్నాడు. చేపను చూడగానే "దవడలు ఎర్రబడ్డాయేంటి?" అన్నాడు. దాచలేదు, కారం గుడ్డ సంగతి చెప్పేశాను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "బూడిద మానమంటే కారం పెట్టావా తల్లీ! రేపు ఉప్పు కూడా పట్టిస్తే కూరే."

కోనును చూసి మాత్రం తిట్టలేదు. రంపపు బ్లేడు తెచ్చి సన్నటి కొసను తనే కోశాడు, చేప నోట్లో పట్టేంత మేర మిగిల్చాడు. కోసిన అంచును నేను గచ్చు మీద నున్నగా అరగదీశాను.

నీళ్ళ తొట్టి పక్కన తడిపిన గోనె పరిచాం. కోరా గుడ్డను చెరువు నీళ్ళలో ముంచి, చేపను అందులో చుట్టి, కళ్ళ మీదికి కప్పాను. చీకటి పడగానే అది సద్దుమణిగింది. పై దవడ, కింది దవడ విడదీసి కోనును లోపలికి జరిపాను, దారం కోను మధ్య నుంచి బయటికి వచ్చింది. కోను వెడల్పు వైపు నుంచి చూస్తే బావిలోకి చూసినట్టుంది. గాలం అడుగున, మొప్పల ఎర్రటి అంచుకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. అది తగిలితే నెత్తురు ఆగదు.

ప్లేయరు దించి గాలం వంపును పట్టుకున్నాను. నా చెయ్యి తెలియకుండానే గుంజబోయింది. ఇన్నేళ్ళ అలవాటు మరి.

"లాగకు" అన్నాడు ఆయన, చాలా నెమ్మదిగా. "కిందికి తోయి."

కిందికి తోయడమంటే ఇంకా లోపలికి గుచ్చడమే అనిపించింది. కానీ గాలానికి కొస దగ్గర వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది, కండను చీల్చేది అదే. గుచ్చుకున్న దారినే వెనక్కి తోస్తేనే అది వదులుతుంది. తోశాను. కొంచెం తిప్పాను. దగ్గు వస్తోంది, పళ్ళు బిగబట్టి ఆపుకున్నాను. గొంతులో కారం నలుసులు పాకుతున్నట్టే ఉంది. చెయ్యి కదలకూడదు. ఇంకొంచెం తిప్పాను. చిటికెంత పట్టు వదిలినట్టు వేలికి తెలిసింది. మొప్ప తగలకుండా కోను మధ్యలోంచి గాలాన్ని పైకి తెచ్చాను. కొసన ఒకే ఒక్క నెత్తుటి చుక్క.

చేపను తొట్టిలో వదిలాను. బయటికి పోయి పొట్టలోంచి దగ్గాను. తిరిగొచ్చేసరికి అది అడుగున రాయిలా పడుంది. ఇద్దరం తొట్టి అంచు పట్టుకుని కూర్చున్నాం. ఆయన చేతిలోకి తీసుకున్న బీడీ వెలిగించుకోలేదు. చాలాసేపటికి చేప తోక కదిలింది, ఏటవాలుగా లేచింది, గుబుక్కుమని గాలి మింగి మళ్ళీ దిగింది.

"గాలి పీల్చింది సరే" అన్నాడు సుబ్బారావుగారు. "గొంతు బాగుంటే మేత తింటది. కప్ప పిల్లలు వేసి చూస్తా. సాయంత్రం అద్దంకిలో దిగాక ఫోను చెయ్. తినకపోతే మాత్రం..." అని ఆగాడు. వచ్చేటప్పుడు నా ప్లేయరుతోనే నా రెండో గాలం ముల్లును నొక్కి చదును చేసి ఇచ్చాడు. "ఇలా నొక్కేసి వెయ్. దారం వదులు చెయ్యకుండా లాగితే చేప జారిపోదు. తీసేటప్పుడు ఈ యుద్ధం ఉండదు."

పేటలో మూడింటికి భోజనం దొరికింది, పప్పూ గోంగూర. సగం వదిలేశాను. నాలుగింటి బస్సులో అద్దంకి. దిగగానే ఇడ్లీ రేకు ఇచ్చేసి, రూపాయి బిళ్ళ ఫోను దగ్గరికి వెళ్ళాను. చీటీలో నెంబరు నాకు చదవడం రాదు, ఫోనున్న కొట్టాయన నొక్కి ఇచ్చాడు. అటు గంట మోగుతూనే ఉంది. తీశాడు.

"మస్తానమ్మా, తింది. రెండు కప్ప పిల్లలు. మూడోదాని కోసం నా వేలు కూడా చూసింది."

బిళ్ళ అయిపోయి లైను తెగింది. రిసీవరు ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను.

ఈ దారిలో ఎవరైనా ప్రాణమున్న చేపను తీసుకెళ్ళాలంటే దర్శి రోడ్డుకు భయపడక్కర్లేదు, బస్సులు సరిగానే ఉన్నాయి. సామాను కూడా పేటలో దొరుకుతుంది. నమ్మకూడనివి మన చేతులే, అవి ఎక్కడెక్కడ పనిచేశాయో మనం మర్చిపోతాం, చేప మర్చిపోదు. నాకు ఈ ప్రయాణంలో మిగిలింది ఇంతే.

పొదిలి బస్సులో తిరిగొస్తుంటే, దర్శిలో మా తొడిమల ముఠా మేస్త్రి కోటమ్మ ఆరేడుగురు ఆడవాళ్ళతో బస్సెక్కింది. కళ్ళంలో పని దిగి వస్తున్నారు. బస్సంతా తుమ్ములు, కండక్టరు కూడా తుమ్మాడు. కోటమ్మ నా పక్కన కూలబడింది.

"ఏమే మస్తానమ్మా, ఎక్కడ తిరుగుతున్నావ్? రేపటి నుంచి పెద్ద కళ్ళం, నిన్ను కూడా వేసుకున్నా."

"నేను రాను కోటమ్మా."

"ఏం, కూలి చాలదా?"

"ఊపిరి చాలడం లేదు."

ఆమె నా మొహంలోకి చూసింది. ఏదో అనబోయి దగ్గింది, ఆ దగ్గు ఆగేసరికి ఒక ఊరు దాటింది. పైటతో మూతి తుడుచుకుని, వెనక సీట్లలో వాళ్ళకు వినబడకుండా నా చెవి దగ్గరికి వంగింది.

"ఆ చేపలాయనకు ఇంకో మనిషి పనికొస్తదేమో అడుగుతావా?"

సంచిలోంచి ప్లేయరు తీసి ఆమె చేతిలో పెట్టాను. పొదిలి వచ్చేదాకా ఆమె దాన్ని తెరుస్తూ మూస్తూ కూర్చుంది.