లైసెన్సు అక్కర్లేని కథ

ఏలూరులో ప్యాసింజరు ఎక్కగానే, కొల్లేట్లో నా పడవని ఒక చేప ఆకివీడు దాకా లాక్కుపోయిన కథ అందుకున్నాను. ఎదుటి సీట్లో ఒకావిడ, నాలుగేళ్లొచ్చినా మాటలు రాని కూతురు వింటున్నారు. నా పక్కనున్న అమ్మాయి స్పీచ్ థెరపీ అసిస్టెంటునని చెప్పగానే ఆ తల్లి ఆమె చేతులు పట్టుకుంది.

“ఒక్క మాట పలికించండమ్మా.”

“నాకింకా రిజిస్ట్రేషన్ రాలేదండీ. వచ్చినా, థెరపిస్టు చెప్పకుండా నేర్పకూడదు. రూల్ తప్పితే నా ఉద్యోగం పోతుందండీ.”

తల్లి చేతులు వదిలేసింది. ఆ అమ్మాయి కిటికీలోంచి చేపల చెరువులకేసి చూసి, నావైపు తిరిగింది.

“ఏవండీ, మీ కథ మళ్లీ చెప్పండి. నేను వేలెత్తితే ఆగండి.”

“నా పడవని లాక్కుపోయింది ఏమిటంటే...”

వేలు లేచింది. ఆగాను. నా జన్మలో అంతసేపు నోరు మూసుకోలేదు. భీమడోలు వచ్చి వెళ్లిపోయింది.

“చే...ప” అంది పాప.

తల్లి ఏడుస్తూ దణ్ణం పెట్టబోయింది.

“నేనేం నేర్పలేదండీ,” అందా అమ్మాయి కంగారుగా. “ఆయన అబద్ధం చెప్పారు. దానికి లైసెన్సు అక్కర్లేదు కదండీ.”

తాడేపల్లిగూడెంలో ఆ అమ్మాయి దిగిపోయింది. ఇప్పుడు ఆ కథ ఎక్కడ చెప్పినా, చేప దగ్గరికొచ్చేసరికి ఆగిపోతున్నాను.