పేరు లేని పదకొండు వారాలు

తండ్రి అచ్చాఫీసులో కంపోజిటరు. అచ్చుకోసం తిరగేసి పోసిన సీసపు అక్షరాల అరల ముందే కూర్చోబెట్టి కొడుక్కి ఓనమాలు నేర్పాడు. దాంతో వాడు బళ్ళో అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిప్పి రాసి చీవాట్లు తిన్నాడు. "తిరగలి" అన్న పేరు అప్పుడొచ్చిందే. మీసాలొచ్చినా వదల్లేదు.

తండ్రి చూపు మందగించాక అక్క చదువు మానేసి, అదే అచ్చాఫీసులో కాగితాలు మడిచే పనికి కుదిరింది. తమ్ముడి చదువు ఆగకూడదని ఆమె పట్టుదల. ఆ చదువుతో తిరగలి వారపత్రికలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం సంపాదించాడు. కిటికీ లేని గదిలో పగలంతా ఊరందరి తప్పులూ దిద్దేవాడు. తను రాసిన కథలు సంపాదకుడికి ఇస్తే మాత్రం గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చేవి.

ఆ పత్రిక నిలబడిందంటే ఒక పెద్దాయన సీరియల్ వల్లే. అది సగంలో ఉండగా ఆయనకు జబ్బు చేసింది. సంపాదకుడికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. తిరగలిని పిలిచి, ఆయన వాక్యం నీకు కొట్టినపిండి కదా, ఆయన లేచేదాకా నువ్వు లాక్కురా అన్నాడు. పేరు మాత్రం ఆయనదే. అది ముగియగానే నీ నవల మొదలుపెడతానని మాటిచ్చాడు.

తిరగలి పదకొండు వారాలు రాశాడు. కథలో ఎక్కడో మూలనున్న పనిమనిషిని ముందుకు తెచ్చి, ఆమెకు అక్క మాట, అక్క మౌనం, కాగితం అంచులకు కోసుకుపోయిన అక్క వేళ్ళు ఇచ్చాడు. పాఠకుల ఉత్తరాలు బస్తాలకొద్దీ వచ్చాయి. ఒక సాయంత్రం అక్క పత్రిక ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంది.

"ఈయన నన్నెక్కడ చూశాడ్రా?" అంది.

ఎవరికీ చెప్పనని సంపాదకుడికి మాటిచ్చి ఉన్నాడు. వాడు లేచి వెళ్ళి ముఖం కడుక్కున్నాడు.

సీరియల్ తన చేతుల్లోనే ముగిశాక తన నవల తీసుకెళ్తే సంపాదకుడు నాలుగు పేజీలు తిప్పి పక్కన పెట్టాడు. "బాగానే ఉందయ్యా. కానీ అచ్చం పెద్దాయన్ని కాపీ కొట్టినట్టుంది. నీదంటూ ఒక గొంతుండాలి కదా."

కోలుకున్న పెద్దాయన ఒకరోజు ఆఫీసుకొచ్చాడు. ఆ చివరి వారాలు ఒళ్ళు తెలియని జ్వరంలో రాశానని, ఎలా రాశానో తనకే తెలియదని అందరి ముందూ చెప్పుకున్నాడు. అబద్ధమాడుతున్నట్టు లేదు. నిజంగానే నమ్మేశాడు. ఆ సీరియల్‌ని పుస్తకంగా వేస్తే దాని ప్రూఫులూ తిరగలే దిద్దాడు.

ఆ తర్వాత ఆరేళ్ళకు వేరే ఊరి ప్రచురణకర్త ఒకడు తిరగలి నవల వేశాడు. పెద్దాయన నీడలో మొలిచిన మొక్క అని సమీక్షకుడు తేల్చేశాడు. ఆ రోజు ఇక ఉండబట్టలేక అక్కకు జరిగిందంతా చెప్పాడు.

అక్క వాడి ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"నీ పుస్తకం బాగాలేదన్నారని పెద్దవాళ్ళ మీద ఇలాంటి మాటలు అనకూడదు నాన్నా," అంది.