నది వైపు కిటికీ

చక్రాలున్న ఇల్లు పదకొండేళ్ళు ఒక్కచోటే నిలబడిపోతే దాన్ని ఇల్లనాలా, బండి అనాలా? నెల్డా ఫ్రిట్జ్‌ని ఎప్పుడు తలచుకున్నా నాకు ముందు ఈ ప్రశ్నే వస్తుంది. డెబ్భై ఎనిమిదేళ్ళు వచ్చాయి. చూపు ఆనినంత కాలం పుస్తకాలు చదివాను. దీనికి మాత్రం జవాబు దొరకలేదు.

మా ఊరు కార్వర్ బెండ్. నెబ్రాస్కా ఇసుకకొండలు పల్చబడే చోట, లూప్ నది ఒక మెలిక తిరిగి బద్ధకంగా పోయే చోట ఉంటుంది. ఊరికి దక్షిణాన, ధాన్యం గాదెలు దాటాక, నది ఒడ్డునే పురపాలకం వారి విడిది ఉంది. ఇల్లుబండ్లు వచ్చి ఆగడానికి అక్కడ ఇరవై నాలుగు చోట్లు. ఒక్కో చోటుకీ ఒక కరెంటు స్తంభం, ఒక కొళాయి, ఒక చెక్క బల్ల, మంట వేసుకోవడానికి నేలలో పాతిన ఇనప చుట్టు. నా భార్య పోయాక ఊళ్ళో ఇల్లు అమ్మేసి చిన్న ట్రైలర్ ఒకటి కొనుక్కున్నాను. ఏప్రిల్ నుంచి మంచు పడేదాకా ఎనిమిదో నంబరులో ఉండేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు జిల్లా గ్రంథాలయం వారి పుస్తకాల బస్సు నడిపినవాణ్ణి కాబట్టి చక్రాల మీద, అరల మధ్య బతకడం నాకేం కొత్త కాదు.

నాకెదురుగా, ఒడ్డు వైపున్న ఏడో నంబరు నెల్డాది. ఆమె ఇల్లుబండి పొడుగ్గా, మీగడ రంగులో, నడుమున గోధుమ రంగు చారతో ఉండేది. జూన్ నెలలో కాటన్‌వుడ్ చెట్లు దూది రాల్చేటప్పుడు దాని కప్పు మీద, మెట్టు మీద, ముందు అద్దం అంచున తెల్లగా పేరుకునేది. పొద్దున్నే నది మీంచి పొగమంచు వచ్చి చక్రాలను మింగేస్తే, ఆ ఇల్లు నీళ్ళ మీద తేలుతున్నట్టుండేది. నేను కాఫీ కప్పు పట్టుకుని, చదువుతున్న పేజీ మరిచిపోయి దాన్నే చూస్తూ ఉండిపోయేవాణ్ణి.

ప్రతి ఆదివారం, లూథరన్ చర్చి గంట మోగే వేళకి నెల్డా ఆ బండి ఇంజను వేసేది. డ్రైవరు సీట్లో కూర్చునేది కాదు. తలుపు దగ్గర నిలబడి, చెయ్యి లోపలికి చాచి తాళం తిప్పేది. తర్వాత బయట కుర్చీలో కూర్చుని పావుగంట సేపు తన ఇంటినే చూసేది. కర్టెన్లు వణికేవి. లోపల కప్పులు సన్నగా గలగలమనేవి. కలలో పరిగెత్తే కుక్క కాళ్ళు కదిపినట్టు, ఆ బండి ఎక్కడికీ పోకుండానే పోతూ ఉండేది. పావుగంట కాగానే లేచి ఆపేసేది.

ఆమెకి అప్పుడు అరవై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి. మగవాళ్ళ చొక్కా వేసుకునేది. చేతులు మాత్రం ఆ ఒంటికి పెద్దవి. విడిదిలో ఆమెకి పని ఎవరూ ఇవ్వలేదు. తనంతట తనే పెట్టుకుంది. ఏ బండి వచ్చినా, దాన్ని వెనక్కి నడిపించి చోటులో పెట్టించేది ఆమే.

మాలో ఇది ముఖ్యమైన సంగతి. మొగుడూ పెళ్ళాం బండిలో వస్తే ఒకరు నడుపుతారు, ఇంకొకరు దిగి వెనక నిలబడి చేతులతో దారి చూపిస్తారు. ఎన్నో కాపురాలకి అసలు పరీక్ష అక్కడే. ఒకసారి అయోవా నుంచి కొత్త జంట వచ్చి, పదకొండో నంబరు దగ్గర అరుచుకోవడం మొదలుపెట్టారు.

"ఎడమకి! ఎడమకి అంటుంటే!"

"ఎవరి ఎడమకి?"

"నా ఎడమకి!"

"నీ ఎడమ ఎటుందో నాకు కలొస్తుందా?"

నెల్డా తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళింది. "అమ్మాయ్, నువ్వెళ్ళి నా బల్ల మీద కాఫీ ఉంది, తాగు. బాబూ, నువ్వు నోరు మూసుకో. అద్దంలో నా చేతులే చూడు. చేతులు కనపడకపోతే ఆగిపో. ఇంకేం ఆలోచించకు, ఆలోచన నాది."

రెండు నిమిషాల్లో బండి గీత గీసినట్టు చోటులో నిలబడింది. ఆ కుర్రాడు దిగి చెమట తుడుచుకున్నాడు.

"ఎలా చేశారండీ?"

"నేనేం చెయ్యలేదు హనీ. మీ పెళ్ళికి ఇంకో వారం ప్రాణం పోశాను, అంతే. తర్వాత మీ ఇష్టం."

వెళ్ళేవాళ్ళకీ ఆమె పద్ధతి ఒకటుంది. బండి బయల్దేరే ముందు చుట్టూ ఒక్కసారి తిరిగేది. మెట్టు లోపలికి మడిచారా, పైన యాంటెన్నా దించారా, నీళ్ళ గొట్టం విప్పారా అని చూసేది. అన్నీ బాగుంటే బండి వెనక గోడ మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచి, "దారిలో కలుద్దాం" అనేది. మేం వీడ్కోలు మాట వాడం. ఆ రెండు దెబ్బలే వీడ్కోలు. అవి పడకుండా ఆ విడిది దాటినవాళ్ళని అప్పటిదాకా నేను చూడలేదు.

ఆ ఏడాది వసంతంలో నది బాగా పెరిగింది. తగ్గేటప్పుడు ఒడ్డుని కొరుక్కుంటూ తగ్గింది. పురపాలకంలో తోటల పని చూసే కర్టిస్ ఒడ్డున మేకులు పాతి, వారం వారం టేపుతో కొలిచేవాడు. జులై మొదటి వారంలో టోపీ చేతిలో పట్టుకుని ఏడో నంబరుకి వచ్చాడు. నేను నా బల్ల దగ్గర టమాటాలు కోస్తున్నాను.

"మిస్ నెల్డా, మే నెలలో మీ బండికీ ఒడ్డుకీ మధ్య పదకొండు అడుగులుండేది. ఇప్పుడు ఏడు."

"నదికి ఆకలేసింది పాపం."

"నవ్వులాట కాదండీ. ఈ ఒడ్డు వరస మొత్తం మూసేస్తున్నారు. అక్టోబరు ఒకటికల్లా ఒక్క బండీ ఉండకూడదు. పై వరసలో ఇరవై ఒకటో నంబరు మీకే అట్టేపెట్టాను. తాళం ఇవ్వండి, ఐదు నిమిషాల్లో నేను పెట్టేస్తా."

"నా మొగుడి సీట్లో, రోలీ సీట్లో, ఎవరూ కూర్చోరు."

"పోనీ మీరు నడపండి."

"నేనూ కూర్చోను కర్టిస్."

కర్టిస్ నా వైపు చూశాడు. నేను టమాటా వైపు చూశాను. అతను కాసేపు టోపీ తిప్పాడు. "అయితే ట్రాక్టరు పెట్టి లాగాలి. దాని కింద ఇనుమంతా తుప్పు. లాగితే నడుం విరుగుతుంది. ఆ తర్వాత అది తుక్కుకే పనికొస్తుంది, మిస్ నెల్డా. మీ ఇల్లది. నా చేత్తో ఆ పని చేయించకండి."

ఆ సాయంత్రం గడ్డిలో మిణుగురులు లేచే వేళకి నెల్డా తన కుర్చీ ఎత్తుకొచ్చి నా బల్ల దగ్గర వేసుకుంది. నేను అడగలేదు. అడిగే అలవాటు నాకు లేదు. బహుశా అందుకే చెప్పింది.

"ముప్ఫై రెండేళ్ళు తిరిగాం వెండెల్. మొదట డేరాతో, తర్వాత ట్రైలర్‌తో, ఆఖర్న దీంతో. ఎప్పుడూ అతను నడిపేవాడు, నేను వెనక నిలబడేదాన్ని. ఇక్కడ రెండు రోజులుందామని వచ్చాం. ఆ రోజు ఎండ నూట రెండు డిగ్రీలు. బండి పెట్టాడు, బాగానే పెట్టాడు. నేనే ఊరుకోలేదు. మంచం పక్క కిటికీ సరిగ్గా నది వైపు పడాలన్నాను. ముందుకి తీయించాను, వెనక్కి రప్పించాను. నాలుగు సార్లు. మూడోసారికే 'చాల్లే నెల్డా' అన్నాడు. నేను చేతులు దించలేదు."

ఆమె రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది.

"దిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. 'బాగుంది నెల్డా, నది బాగా కనిపిస్తోంది' అన్నాడు. నేను నిమ్మరసం కలుపుకుని వచ్చేసరికి..."

"గుండె అప్పటికే చెడిపోయి ఉంటుంది" అన్నాను.

"డాక్టరూ అదే అన్నాడు. డాక్టరు నా చేతులు చూడలేదుగా."

నాకప్పుడు అర్థమైంది, ఆ బండి ఎందుకు అంగుళం కూడా కదల్లేదో. మరో చోటుకి తిప్పితే, అతను ప్రాణం పెట్టి నిలబెట్టిన కిటికీని ఆమే చెరిపేసినట్టు. కదలకపోతే అది ముక్కలవుతుంది. ఈ రెండింటి మధ్య ఆమెకి మూడు నెలల గడువు.

ఆగస్టు మధ్యలో ఒక మధ్యాహ్నం, గాలి కూడా లేని వేళ, ఒడ్డు పెళ్ళ ఒకటి మెత్తగా విరిగి నీళ్ళలోకి దిగిపోయింది. నెల్డా బట్టలారేసుకునే గుంజ దాని మీదే ఉంది. గుంజా, తాడూ, తాడు మీద ఒక చొక్కా, అన్నీ నిలువునా నిలబడే నదిలో సాగిపోయాయి. చొక్కా చేతులు నీళ్ళ మీద ఊగుతుంటే మేమిద్దరం చూస్తూ నిలబడ్డాం. అది వంపు తిరిగి కనుమరుగయ్యాక ఆమె అంది:

"అది రోలీ చొక్కా. నది కూడా చాల్లే అంటోంది వెండెల్. నాకు నడపడం నేర్పు."

సంత మైదానం ఆ నెలలో ఖాళీ. ముందు నా పికప్ ట్రక్కు మీద మొదలుపెట్టాం. ఆమెకి లైసెన్సు ఉంది. ఫొటో బాగుంటుందని ఐదేళ్ళకోసారి మార్పించుకునేదట. ముందుకి నడపడం వారంలో వచ్చేసింది. వెనక్కి రావడమే కష్టం, అదీ ఆమె వల్ల కాదు, నా వల్ల. వెనక నిలబడి చేతులు ఊపాల్సింది నేను.

"ఏంటి వెండెల్, నాకు దారి చూపిస్తున్నావా, ఈగలు తోలుకుంటున్నావా?"

"కుడికి రమ్మంటున్నాను."

"పుస్తకంలో పేజీ తిప్పినట్టు తిప్పితే కుడి అవుతుందా? భుజం దగ్గర్నుంచి చూపించు. అద్దంలో నీ మొహం నాకొద్దు, చేతులు కావాలి. పుస్తకాల పురుగుకి చేతులెక్కడివి అసలు!"

ఆ విధంగా నడపడం నేను నేర్పాను, నడిపించడం ఆమె నేర్పింది. మైదానం నిండా పొద్దుతిరుగుడు పువ్వుల రంగు ఎండ. దుమ్ము లేచి, వెలిగి, నెమ్మదిగా దిగేది. ఆ దుమ్ములో మేమిద్దరం వెనక్కీ ముందుకీ తిరుగుతుంటే పక్క పొలంలో మొక్కజొన్న ఎండి గలగలలాడేది. పుస్తకాల బస్సు నడిపిన రోజుల్లో కూడా నాకు కాలం అంత మెల్లగా నడిచినట్టు లేదు.

కర్టిస్ ఎక్కణ్ణుంచో ఆరు టైర్లు సంపాదించి వేశాడు. నేను బెల్టులు, బ్యాటరీ మార్చాను. సెప్టెంబరు మూడో ఆదివారం, చర్చి గంట మోగుతుండగా, ఆమె తలుపు దగ్గర ఆగకుండా లోపలికి ఎక్కింది. డ్రైవరు సీట్లో కూర్చుంది. ఆ సీటు మధ్యలో లోతుగా గుంత పడి ఉంది.

"ఈ గుంత నాతో సగమే నిండింది" అంది కిటికీలోంచి. గొంతు మామూలుగానే ఉంది. ఇంజను వేసి పావుగంట కూర్చుంది. మొదటిసారి ఆమె లోపల ఉండి వణికింది, నేను బయట ఉండి చూశాను.

సెప్టెంబరు ముప్ఫై మధ్యాహ్నం బండి పై వరసకి మార్చాలని ముహూర్తం పెట్టుకున్నాం. ఇరవై ఒకటో నంబరు దగ్గర నేను వెనక నిలబడతాను, ఆమె అద్దంలో నా చేతులు చూస్తూ వస్తుంది. అవసరమైతే ఉంటుందని కర్టిస్ ట్రాక్టరు తెస్తానన్నాడు. పని అయ్యాక అందరం మా అలవాటు ప్రకారం చిల్లీ పులుసు, దాల్చినచెక్క రొట్టెచుట్టలు తినాలి. ముందు రోజు సాయంత్రం నేను పులుసులోకి చిక్కుడు గింజలు నానేశాను. నెల్డా వచ్చి చూసి, "ఉప్పు తక్కువెయ్యి, కర్టిస్‌కి బీపీ" అని వెళ్ళిపోయింది.

తెల్లవారుతుండగా ఇంజను చప్పుడుకి మెలకువ వచ్చింది. ఆదివారం కాదు. చొక్కా తొడుక్కుంటూ బయటికి వచ్చాను. పొగమంచు నడుం దాకా ఉంది. ఏడో నంబరులో నీళ్ళ గొట్టం విప్పి, చుట్టగా చుట్టి, కొళాయికి తగిలించి ఉంది. బండి మెట్టు మడిచి ఉంది, యాంటెన్నా దించి ఉంది. ఆమె ఎప్పుడు లేచిందో, బండి చుట్టూ ఎప్పుడు తిరిగిందో నాకు తెలియదు.

మీగడ రంగు గోడ మెల్లగా కదిలింది. చక్రాలు కనిపించడం లేదు. ఇన్నేళ్ళుగా నా కాఫీకి ఎదురుగా ఉన్న గోడ అది. దాని వెనక నది హఠాత్తుగా మొత్తం కనిపించింది, నేను ఊహించినదానికంటే వెడల్పుగా. బండి మట్టిదారి ఎక్కింది, తూలలేదు. పై వరసకీ రహదారికీ దారి చీలే చోట ఆగింది. కుడి వైపు మలుపు దీపం కొట్టుకోసాగింది. కుడి అంటే ఇరవై ఒకటో నంబరు. మధ్యాహ్నం దాకా ఆగలేకపోయిందేమో అనుకుని, వెనక నిలబడదామని నేను గబగబా అటు నడిచాను.

అలా చాలాసేపు ఆగింది. ఇంజను చప్పుడు, దీపం టిక్కు టిక్కు. నేను దారి మధ్యకి వచ్చి, ఆమె నేర్పినట్టే భుజం దగ్గర్నుంచి చేతులెత్తాను. పొగమంచులో అవి ఆమె అద్దంలో పడేంత దగ్గరగానే ఉన్నాను.

బండి ఎడమకి తిరిగింది. రహదారి ఎక్కింది. పాత బండి కదా, దీపం దానంతటది ఆగే రకం కాదు. కుడికి పోతున్నానని చెబుతూనే ఎడమకి, ధాన్యం గాదెల పక్క నుంచి, పడమటి ఇసుకకొండల వైపు వెళ్ళిపోయింది. ఆ దీపాన్ని చేత్తో ఆపాలని నేను నేర్పడం మరిచిపోయాను.