మావయ్యగారి ఉంగరపు వేలు

మొన్న సాయంత్రం మందుల షాపులో నా ముందున్న ఒకావిడ, వేలి చివరకి తొడిగే ప్లాస్టిక్ స్ప్లింటు చేతిలో పట్టుకుని, "ఇంత చిన్న దెబ్బకి ఎనిమిది వారాలా?" అని షాపతన్ని నిలదీస్తోంది. అతనేం చెబుతాడు పాపం! నేనే కలగజేసుకుని, "పెట్టుకోండమ్మా, మధ్యలో వేలు వంచకండి" అన్నాను. ఆవిడ నన్ను డాక్టరమ్మ అనుకున్నట్టుంది, ఇంకో నాలుగు ప్రశ్నలు వేసింది. నాకు వైద్యం రాదు. తెలిసిందల్లా మా మావయ్యగారి కుడిచేతి ఉంగరపు వేలు ఒక్కటే.

మావయ్యగారంటే మావారి నాన్నగారు. దరియాలతిప్పలో నలభై ఏళ్ళు పడవ మీద చేపల వేటకెళ్ళిన మనిషి. నేను అడవిపొలం ఊళ్ళో వరి పండించుకునే ఇంటి పిల్లని, పైగా బళ్ళో టీచర్ని. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. కోపమూ లేదు, కొట్లాటా లేదు. అత్తయ్య ఉన్నంతకాలం ఆవిడ ద్వారా కబురొచ్చేది. ఆవిడ పోయాక ఆ కబుర్లు గోడకి చెప్పడం మొదలుపెట్టారు. "పులుసులో ఉప్పు తగ్గినట్టుంది" అని గోడతో అనేవారు, నేను గోడ తరఫున ఉప్పు డబ్బా తెచ్చి పెట్టేదాన్ని. మావారు బోటు మీద వెళితే వారం పదిరోజులకి గానీ రారు. అన్ని రోజులూ ఇంట్లో ఆయనా, నేనూ, మధ్యలో గోడా.

అలాంటి ఒక సాయంత్రం ఆయన దోమతెర అంచుని పరుపు కిందికి దోపుతుంటే ఉంగరపు వేలు ఇరుక్కుని, చివరి కణుపు దగ్గర వాలిపోయింది. పెద్ద నొప్పి కూడా లేదట. వేలు మాత్రం తల దించుకున్నట్టు వంగిపోయింది, ఎంత ఎత్తినా లేవదు. సముద్రంలో అన్ని వలలు లాగిన చెయ్యి దోమతెర దగ్గర ఓడిపోయిందని వీధంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. వేట మానేశాక చిరిగిన వలలు బాగుచెయ్యడమే ఆయనకి మిగిలిన పని. ఎవరి వల చిరిగినా మా అరుగు మీదికే వచ్చేది. వాలిన వేలు వల కన్నుల్లో మాటిమాటికీ చిక్కుకునేది. ఇక ఆ పనికీ పనికిరానేమోనన్న భయం ఆయన గోడకి కూడా చెప్పలేదు గానీ, కంచం ముందు కూర్చున్న తీరులో కనిపించేది.

"వేలిని పైకి లాగే తాడు తెగిందండి" అన్నాడు ఎముకల డాక్టరు.

"తెగితే ముడెయ్యాలి గదండీ?" అన్నారు మావయ్యగారు. తాళ్ళ సంగతి ఆయనకి తెలిసినట్టు ఎవరికి తెలుసు!

"ముడి అక్కర్లేదు. ఎనిమిది వారాలు ఈ స్ప్లింటులో తిన్నగా ఉంచితే అదే అతుక్కుంటుంది. రోజుకోసారి తీసి తుడవాలి. ఆ ఐదు నిమిషాలూ వేలి చివర కిందికి వాలకుండా ఎవరైనా పట్టుకోవాలి. ఒక్కసారి వాలిందా, లెక్క మళ్ళీ మొదటినుంచి. ఇంట్లో ఎవరు పట్టుకుంటారు?"

మావయ్యగారు అలవాటుగా గోడకేసి చూశారు. "నేనండి" అన్నాను.

మొదటి వారమంతా సాయంత్రం ఆ ఐదు నిమిషాలూ ఆయన క్యాలెండరు చూసేవారు, నేను గడియారం చూసేదాన్ని. బల్ల మీద ఆయన చెయ్యి, ఆ వేలి కింద నా బొటనవేలు. ఉప్పునీళ్ళకి గట్టిపడ్డ ఆ చర్మాన్ని దూదితో తుడిచి, ఆరాక స్ప్లింటు తొడిగేదాన్ని. రెండో వారంలో ఓ రోజు ఉన్నట్టుండి, "అమ్మాయ్, నీ చేతులింత చల్లగా ఉన్నాయేటి? ఒంట్లో బానే ఉందా?" అన్నారు. ఆ మాటకి వేలు వదిలేసేదాన్నే!

"బట్టలుతికి వచ్చాను మావయ్యగారూ."

ఆ తరవాత రోజూ ఓ రెండు మాటలు, పోనుపోనూ పది. గోదారి నీళ్ళ రంగు చూసి సముద్రం ఎంత దూరముందో ఎలా చెప్పొచ్చో, కొత్తగా కాపురానికొచ్చినప్పుడు అత్తయ్య పడవెక్కడానికి ఎంత భయపడిందో చెప్పేవారు. నాలుగో వారంలో ధైర్యం చేసి అడిగేశాను, ఇన్నేళ్ళూ నాతో ఎందుకు మాట్లాడలేదని. చేతికేసి చూసుకుంటూ చెప్పారు. "నువ్వు పంతులమ్మవి. నాకు ఏలిముద్రే గానీ సంతకం రాదు. నోరిప్పితే ఏం తప్పు దొర్లుద్దో, లోపల్లోపల నవ్వుకుంటావేమోనని." చేప తోమడం కూడా చేతకాని పిల్లని ఏవగించుకుంటున్నారని తొమ్మిదేళ్ళూ నేననుకున్నాను. ఆ మాట చెబితే ఆయన నవ్విన నవ్వుకి, వేలు పట్టుకోవడం నాకు కష్టమైంది.

ముప్ఫై ఎనిమిదో రోజు పొయ్యి మీద పాలు పొంగాయి. ఆ చప్పుడికి నేను తుడుస్తున్న వేలు వదిలేసి లేచి పరిగెత్తాను. స్టవ్ కట్టేసి వెనక్కి తిరిగేసరికి ఆయన బల్ల దగ్గర అలాగే కూర్చుని ఉన్నారు. వేలు రొయ్యలా వంగి ఉంది.

మర్నాడు డాక్టరు దగ్గర నేను నోరు తెరిచేలోపే, "ఆయ్, నేనేనండి. దురద పుడితే ఇప్పేసుకున్నాను" అన్నారు. "చిన్నపిల్లాడిలా చేస్తే ఎలా పెద్దాయనా?" అని డాక్టరు గట్టిగా మందలించాడు. డెబ్బై ఏళ్ళ మనిషి తలవంచుకుని అన్నీ పడ్డారు. లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. ఆటోలో నాకు ఏడుపు ఆగలేదు. "నన్నెందుకు చెప్పనివ్వలేదు?" అన్నాను.

"పడవలో తాడు జారిందనుకో, ఎవరి చేతిలోంచి జారిందో ఒడ్డుకొచ్చి చెప్పుకోం అమ్మాయ్" అన్నారు. "ఇంకో ఎనిమిది వారాలు నాతో కూకోవాలి మరి. ఇసుగొస్తాదేమో" అని నాకేసి చూశారు.

రాలేదు. రెండోసారి తాడు అతుక్కుంది. చివర కాస్త వంపు మిగిలింది గానీ వలకి అడ్డం రాలేదు. ఆ తరవాత ఆయన ఆరేళ్ళు బతికారు, మా అరుగు మీద వలలు ఎప్పుడూ తరగలేదు. ఆయనతో ఒకే ఇంట్లో పదిహేనేళ్ళకి పైగా ఉన్నాను, ఏ ఏడాది ఎలా గడిచిందంటే చెప్పలేను. ఎప్పుడు అయిపోతాయా అని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్న ఆ పదమూడు వారాల్లో మాత్రం, ఒక్క సాయంత్రం కూడా నా మనసులో ఇంకా అయిపోలేదు.